ఒక్కరే బయల్దేరితే ఏ వాన అడవికి? మారేడుమిల్లి, దాండేలి, ఆగుంబె, వాల్పారై

మొదటిసారి ఆగుంబె వెళ్ళినప్పుడు తెల్లవారుజామున నాలుగున్నరకే హైదరాబాద్ ఉప్పల్‌లో బండి తీశాను. దాదాపు 670 కిలోమీటర్లు, ఒక్క రోజులో కొట్టేద్దామని నా ధీమా. హోసపేట దాటేదాకా అంతా బాగానే నడిచింది. శివమొగ్గ చేరేసరికి సాయంత్రం ఆరున్నర, అదీ జులై నెల. తీర్థహళ్ళి రోడ్డెక్కగానే చీకటీ వానా ఒకేసారి కమ్ముకొచ్చాయి. అద్దానికి లోపలి నుంచి ఆవిరి పట్టేస్తోంది, ఏసీ పెడితే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, తీస్తే దారి కనబడదు. ముందు పోతున్న ప్రభుత్వ బస్సు వెనక ఎర్ర లైట్లనే చూసుకుంటూ ముప్పై కిలోమీటర్లు వెళ్ళాను. ఆ బస్సు ఒక ఊళ్ళో ఆగితే నేనూ ఆగాను, అది కదిలితే నేనూ కదిలాను. పక్క సీట్లో మనిషంటూ ఉంటే "ఎడమ పక్కన గుంత" అని ఒక్క మాట చెప్పేవారు కదా అని ఆ రాత్రి ఎన్నిసార్లు అనుకున్నానో.

అప్పటి నుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. ఒక్కరే వెళ్ళేటప్పుడు చివరి వంద కిలోమీటర్లు చూసి ఎంచుకోండి. ఆ వంద కిలోమీటర్లు ఎలాంటి రోడ్డు, మీరు ఏ టైముకి దాని మీద ఉంటారు, ఏ నెలలో వెళ్తున్నారు, ఈ మూడూ తేలితే ఎంపిక సగం అయిపోయినట్టే. ఫొటోలు చూసి ఎంచుకుంటే ఈ నాలుగు చోట్లూ (ఏపీలో మారేడుమిల్లి, కర్ణాటకలో దాండేలి, ఆగుంబె, తమిళనాడులో వాల్పారై) ఒకేలా కనిపిస్తాయి: పచ్చటి కొండ, మంచు, జలపాతం. రోడ్డు మీదికి వెళ్ళాక మాత్రం దేనికది వేరు.

ముందు ఒక మాట: ఏది వర్షారణ్యం?

అసలైన ఉష్ణమండల వర్షారణ్యం మన దేశంలో ప్రధానంగా పడమటి కనుమల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో, అండమాన్ నికోబార్ దీవుల్లో ఉంది. ఏడాదంతా ఆకు రాలని చెట్లు, ఒకదాని మీద ఒకటిగా అంతస్తుల్లా కొమ్మలు, మధ్యాహ్నం పన్నెండింటికి కూడా నేల మీద నీడే. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం పడే వాన సుమారు 800 మిల్లీమీటర్లు, ఆగుంబెలో 7,000 పైమాటే. మన గోదావరి మన్యం అడవులు చాలా వరకు ఆకురాల్చే తేమ అడవులు, లోయల్లో అక్కడక్కడా సగం సతతహరితం. అంటే మారేడుమిల్లిని వర్షారణ్యం అనడం పూర్తిగా సరి కాదు. అయినా ఈ జాబితాలో పెట్టాను, ఎందుకంటే నది విషయంలో మిగతా మూడూ గోదావరి ముందు నిలబడవు, పైగా మొదటిసారి ఒక్కరే వెళ్ళేవాళ్ళకి అదే అన్నిటికంటే దగ్గర, మన భాష నడిచే చోటు. ఈశాన్యం, అండమాన్ ఇక్కడి నుంచి కారులో అయ్యే పని కాదు కాబట్టి వాటిని వదిలేశాను.

నేను దేన్ని బట్టి చూస్తాను

సాయంత్రం నాలుగుకల్లా స్టీరింగ్ వదిలేయగలనా అన్నది మొదటిది. కొండల్లో నాలుగున్నరకే వెలుతురు తగ్గడం మొదలవుతుంది, వాన రోజుల్లో ఇంకా ముందే. మైదానంలో గంటకి డెబ్భై సగటు వేసుకుంటే, ఘాట్‌లో పాతిక, ముప్పై వేసుకోండి. మ్యాప్ చూపించే టైముకి కనీసం పావు వంతు కలపండి, ఎందుకంటే ఒక్కరే ఉన్నప్పుడు టీకి ఆగినా, దారి అడగడానికి ఆగినా, నిద్ర వస్తోందని మొహం కడుక్కోవడానికి ఆగినా ఆ టైమంతా మీదే, డ్రైవర్ని మార్చుకునే వీలుండదు.

రెండోది నెల. అడవికి అందమైన నెలా మనకి క్షేమమైన నెలా ఒకటి కావు. జూన్, జులై, ఆగస్టుల్లో పడమటి కనుమలు చూడాల్సిందే, నిజం. కానీ కొండచరియలు విరిగేదీ ఆ నెలల్లోనే. 2024 జులై 30 తెల్లవారుజామున వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల ఏమయ్యాయో అందరం చూశాం. వాతావరణ శాఖ మీరు వెళ్ళే జిల్లాకి ఆరెంజ్ గానీ రెడ్ గానీ అలర్ట్ ఇస్తే వెళ్ళకండి, గది డబ్బులు పోయినా పర్లేదు.

మూడోది భాష, మెకానిక్, సిగ్నల్. ఈ మూడింటినీ కలిపే చూస్తాను, ఎందుకంటే టైరు పంక్చర్ అయినప్పుడు మూడూ ఒకేసారి అవసరపడతాయి. నాలుగోది నది. కిటికీలోంచి ఒక్క క్షణం కనబడి పోయే నది వేరు, దిగి గంటసేపు కూర్చోగలిగే నది వేరు.

| దారి | హైదరాబాద్ నుంచి దూరం | కనీసం రోజులు | మంచి నెలలు | చివరి వంద కి.మీ. |
|---|---|---|---|---|
| మారేడుమిల్లి, పాపికొండలు | భద్రాచలం మీదుగా సుమారు 410, రాజమండ్రి మీదుగా సుమారు 505 కి.మీ. | 3 | నవంబరు నుంచి ఫిబ్రవరి | చింతూరు వైపు నుంచైతే సన్నటి ఘాట్, రాజమండ్రి వైపు తేలిక |
| దాండేలి, జోయిడా | సుమారు 570 కి.మీ. | 4 | అక్టోబరు నుంచి ఫిబ్రవరి | హుబ్బళ్ళి దాకా హైవే, ఆ తర్వాత మామూలు రోడ్డు |
| ఆగుంబె, శృంగేరి, తీర్థహళ్ళి | సుమారు 670 కి.మీ. | 6 | సెప్టెంబరు చివరి నుంచి నవంబరు | మలుపులు, తడి, తక్కువ వెలుతురు |
| వాల్పారై, అతిరాపల్లి | కోయంబత్తూరు దాకా విమానం, అక్కడి నుంచి 350–400 కి.మీ. చుట్టు | 4 | అక్టోబరు నుంచి జనవరి | 40 హెయిర్‌పిన్ మలుపులు, చెక్‌పోస్టు టైములు, ఏనుగులు |

మారేడుమిల్లి, పాపికొండలు

ఇదివరకెప్పుడూ ఒక్కరే రాత్రి బస చేసే ప్రయాణం చేయనివాళ్ళు ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. శుక్రవారం పొద్దున బయల్దేరి ఖమ్మం, కొత్తగూడెం మీదుగా మధ్యాహ్నానికి భద్రాచలం. ఆ రాత్రి అక్కడే ఆగిపోవాలి. సాయంత్రం కరకట్ట మీద నడవండి. గోదావరి నీటిమట్టం 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. కట్ట మీద నిలబడి కిందకి చూస్తూ ఈ అంకెలు తలుచుకుంటే నది అంటే ఏంటో తెలుస్తుంది.

రెండో రోజు పొద్దున్నే చింతూరు. అక్కడ శబరి నది కనబడుతుంది, అది కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. చింతూరు నుంచి మారేడుమిల్లి ఘాట్ సన్నగా ఉంటుంది, మలుపు అవతల ఏముందో కనబడదు, చలికాలం పొద్దున్న మంచు దట్టంగా పడుతుంది. తొమ్మిది దాటాకే ఎక్కండి. మలుపు మలుపుకీ హారన్ కొట్టండి, ఎదుటివాళ్ళు కొట్టకపోయినా సరే. చీకటి పడ్డాక ఈ ఘాట్ వద్దు, ఎంత అలవాటున్న చేతికైనా వద్దు.

మారేడుమిల్లిలో జలతరంగిణి, అమృతధార జలపాతాలు రోడ్డుకి దగ్గరే కాబట్టి ఒక్కరే ఉన్నా బెంగ లేకుండా దిగి చూడొచ్చు. గుడిస కొండకి మాత్రం సొంత కారు తీసుకెళ్ళకండి, స్థానిక జీపులు ఉంటాయి, వేరే వాళ్ళతో కలిసి ఎక్కితే ఖర్చూ తగ్గుతుంది. బొంగు చికెన్ గురించి నేను చెప్పక్కర్లేదు, కానీ ఒక్కరికి ఒక బొంగు చాలా ఎక్కువ. సగం బొంగు ఇస్తారా అని అడగండి. రోడ్డు పక్కన కొండరెడ్డి గిరిజనురాలు ఒకావిడ నాకు అలాగే ఇచ్చింది. వెదురు బొంగు చివర ఆకులు కుక్కి నిప్పుల మీద తిప్పుతూనే ఉంది, నూనె బొట్టు కూడా లేదు, చీల్చి విస్తరాకులో వేసేసరికి ఆవిరితో పాటు పచ్చి వెదురు వాసన. ఒక్కరే వెళ్తే ఇదో లాభం, అవతలివాళ్ళు మనతో మాట్లాడతారు. నలుగురం వెళ్ళినప్పుడు మనలో మనమే మాట్లాడుకుంటాం.

పాపికొండల బోటు రాజమండ్రి వైపు గండి పోచమ్మ గుడి దగ్గర నుంచి, భద్రాచలం వైపు పోచవరం నుంచి నడుస్తుంది. వరద రోజుల్లో ఆపేస్తారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఎంతమంది పోయారో మరిచిపోకూడదు. లైఫ్ జాకెట్ ఇచ్చినప్పుడే వేసుకుని బెల్టు బిగించుకోండి, ఫొటోల కోసం విప్పకండి. పోలవరం పనులతో ఒడ్డున ఉన్న చాలా ఊళ్ళు ఖాళీ అయ్యాయి. పాత ఊరి గుడి గోపురం నీళ్ళలో నిలబడి ఉంటే బోటులో పాటలు ఎంత గట్టిగా మోగుతున్నా నాకు మాట రాలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఏజెన్సీలో దోమలు ఎక్కువ, మలేరియా ఉంది. నిండు చేతుల చొక్కా, దోమల క్రీము తప్పనిసరి. ఇంటికొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టరుకి ఎక్కడికి వెళ్ళొచ్చారో చెప్పండి. డిసెంబరు, జనవరి వారాంతాల్లో జనం విపరీతం, గది దొరకదు, ఘాట్‌లో బండ్లు ఆగిపోతాయి. మంగళ, బుధవారాల్లో వెళ్ళగలిగితే అడవి మీ ఒక్కరిదే.

దాండేలి

దీని గురించి కొంచెం తక్కువే చెప్తాను, ఎందుకంటే ఒక్కరే వెళ్ళేవాళ్ళకి ఇది అంత నప్పదని నా అభిప్రాయం. కాళీ నది బాగుంటుంది, రాఫ్టింగ్ సూపా డ్యామ్ నుంచి వదిలే నీటిని బట్టి ఉంటుంది, చెట్ల మీద హార్న్‌బిల్ పక్షులు నిజంగానే కనబడతాయి, కలప డిపో దగ్గర పొద్దున ఆరున్నరకి నిలబడితే గంటలో పదైనా చూస్తారు. కానీ ఊరి చుట్టూ ఉన్న రిసార్టులు చాలా వరకు జంటలకీ గుంపులకీ ప్యాకేజీలు పెట్టినవి. ఒక్కరు ఉన్నా ఇద్దరి డబ్బు అడుగుతారు, రాత్రి పదకొండు దాకా పాటలు. నేను ముందే డబ్బు కట్టిన ఒక చోట, సాయంత్రం అక్కడికి చేరాక, మీ గది పెద్ద గ్రూపుకి ఇచ్చేశాం అని చెప్పారు. చీకట్లో వేరే గది వెతుక్కోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి బయల్దేరిన రోజు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం భోజనం దగ్గర ఒకసారి ఫోన్ చేసి "వస్తున్నా, గది ఉంది కదా" అని అడుగుతున్నాను. ఏ ఊరికి వెళ్ళినా మీరూ అలాగే చేయండి.

అయితే దాండేలిలో ఒక దారి ఉంది, అది మాత్రం గొప్పది. అక్కడి నుంచి జోయిడా, అణశి మీదుగా కారవార దాకా వెళ్ళే రోడ్డు. కాళీ నది మొత్తం పొడవు సుమారు 184 కిలోమీటర్లే, జోయిడా తాలూకాలోనే పుట్టి కారవార దగ్గర సముద్రంలో కలుస్తుంది. దాండేలి దగ్గర ఆకురాల్చే అడవి, అణశి వైపు దిగుతుంటే సతతహరితం, కింద కొబ్బరి తోటలు, ఆ తర్వాత సముద్రం. ఒక నది జీవితం మొత్తాన్ని ఒక పూటలో చూడాలంటే ఇంతకంటే మంచి రోడ్డు నాకు తెలియదు. కాళీ పులుల అభయారణ్యం మధ్యలోంచి వెళ్తుంది కాబట్టి పగలే వెళ్ళాలి, ఎక్కడా దిగకూడదు. ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ ఉంటే దాండేలి, ఒక్కరే అయితే దాండేలిలో ఒక్క రాత్రే ఉండి ఈ రోడ్డు పట్టుకోండి.

ఆగుంబె, శృంగేరి, తీర్థహళ్ళి

నాకు మూడుసార్లు వెళ్ళినా తనివి తీరని చోటు. మొదటిసారి తప్పు నాదే, ఊరిది కాదు. రెండోసారి నుంచి రెండు రోజులుగా విడగొట్టాను: మొదటి రాత్రి హోసపేట, రెండో రాత్రి తీర్థహళ్ళి, అక్కడి నుంచి ఆగుంబె ముప్పై ఐదు కిలోమీటర్లలోపే. ఇలా చేస్తే రెండు రోజులూ నాలుగు లోపే స్టీరింగ్ వదిలేస్తారు.

ఒక్కరే వెళ్ళే తెలుగువాళ్ళకి ఇక్కడ ఒక మంచి సదుపాయం ఉంది, కన్నడ లిపి. బోర్డు దగ్గర బండి కాస్త నెమ్మది చేస్తే కూడబలుక్కుని చదివేయొచ్చు. ఫోన్ సిగ్నల్ పోయిన చోట అదే మనకి మ్యాప్. మాట కూడా అంతే, "ఊట", "నీరు", "దారి" అంటే అర్థమవుతుంది, మనకీ వాళ్ళకీ. వాల్పారై దాటి కేరళలోకి దిగగానే ఈ ధైర్యం ఎంతో ఉపయోగపడేదని తెలుస్తుంది, అక్కడ బోర్డు మీద అక్షరం మనల్ని గుర్తుపట్టదు.

ఆగుంబె చిన్న ఊరు, ఒకే వీధి, నాలుగు హోటళ్ళు. వానాకాలంలో ఆ వీధిలో బట్టలు ఆరవు, అగ్గిపుల్ల వెలగదు, పుస్తకం అట్ట వంకర తిరుగుతుంది. గొడుగు పనికిరాదు, ఒళ్ళంతా కప్పే రెయిన్‌కోటు కావాలి. విషప్పాముల్లో అన్నిటికంటే పొడవైనది, కింగ్ కోబ్రా, ఇక్కడి అడవికి పెట్టింది పేరు. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 2005లో ఇక్కడ వర్షారణ్య పరిశోధన కేంద్రం పెట్టారు. పాము కనబడుతుందని ఎదురు చూడకండి, కనబడితే దూరంగా ఆగండి, స్థానికులకి చెప్పండి. అంతకంటే ఖాయంగా కనబడేది జలగ. షూ లేసు కన్నాల్లోంచి కూడా దూరుతుంది, కుట్టినట్టే తెలియదు. సాక్సు తీస్తే మడమ పక్కన గోరంత గీతలా అతుక్కుని, నేను చూస్తుండగానే చిక్కుడుగింజంత అయింది. పీకకూడదు, గోరుతో పక్కకి నెట్టేయాలి. రక్తం కాసేపు ఆగదు, భయపడాల్సింది లేదు, కడిగి దూది పెట్టి కట్టండి. హోటలాయన నన్ను చూసి ఏమీ అనకుండా కౌంటరు కింద నుంచి ఉప్పు పొట్లం తీసి చేతిలో పెట్టాడు.

జలగ కంటే పట్టించుకోవాల్సినది ఇంకొకటి ఉంది, ఇక్కడి నుంచి వెళ్ళే చాలామందికి తెలియదు. కోతి జ్వరం, అక్కడ మంగన కాయిలె అంటారు. 1957లో శివమొగ్గ జిల్లాలోని క్యాసనూరు అడవిలో మొదట బయటపడింది, పశువులకి పట్టే పిడుదులు కుట్టడం వల్ల వస్తుంది, ఎండు నెలల్లో, అంటే డిసెంబరు నుంచి మే దాకా ఎక్కువ. అందుకే పై పట్టికలో ఆగుంబెకి నవంబరుతో ఆపేశాను. ఆ తర్వాత వెళ్ళినా రోడ్డు మీద నుంచి చూడండి, ఊళ్ళో ఉండండి, ఎండుటాకుల్లో కూర్చోకండి, కోతులు చచ్చిపడి ఉన్నాయని విన్న వైపు అసలు వెళ్ళకండి.

ఆగుంబె నుంచి సోమేశ్వరం వైపు దిగే ఘాట్‌లో 14 హెయిర్‌పిన్‌లు. బరువు బండ్లని రానివ్వరు కాబట్టి లారీల భయం లేదు, కానీ మలుపులు మరీ ఇరుకు, మినీ బస్సు ఎదురైతే వెనక్కి తీసి దారివ్వాల్సి రావచ్చు. ఒక్కరే ఉండి వెనక్కి తీయడం అలవాటు లేకపోతే దిగకండి, సూర్యాస్తమయం చూసే చోటు ఘాట్ పైనే ఉంది, అక్కడి నుంచి వెనక్కి వచ్చేయండి. జలపాతాల దారుల్లో చాలా వాటికి అటవీ శాఖ అనుమతి కావాలి, భారీ వానల్లో మూసేస్తారు. ఒక్కరే అడవిలోకి నడవడం ఎవరు రమ్మన్నా ఒప్పుకోకండి.

నది కావాలంటే శృంగేరి, ఆగుంబె నుంచి సుమారు 28 కిలోమీటర్లు. గుడి వెనక మెట్లు దిగితే తుంగ. చేపల్ని ఎవరూ పట్టరు, మోచేతి పొడవున పెరిగాయి, బొరుగులు వేస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కి నోళ్ళు తెరుస్తాయి. నల్లటి నీళ్ళలోంచి గుండ్రటి తెల్ల నోళ్ళు అన్నీ ఒకేసారి పైకి రావడం చూస్తూ ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లేవమనరు. మధ్యాహ్నం మఠంలో భోజనం పెడతారు, వరసలో కూర్చుంటే ఒక్కరే వచ్చామన్న సంగతే గుర్తురాదు. మా చెల్లెలు పోయినేడాది ఒక్కతే వెళ్ళింది. ఆడవాళ్ళు ఒక్కరే వెళ్ళడానికి ఈ నాలుగింటిలో ఏది అని అడిగితే తను శృంగేరి, తీర్థహళ్ళే అంటుంది. గుడి ఊళ్ళు, రాత్రి తొమ్మిదికి కూడా వీధిలో కుటుంబాలు, గదుల దగ్గర మనిషుంటాడు. అడవి మధ్య విడిగా ఉన్న హోమ్‌స్టే కంటే ఊళ్ళో గది తీసుకుని పగలు అడవికి వెళ్ళి రావడం తను చేసింది, నాకూ అదే మంచిదనిపిస్తుంది.

తిండికి లోటు లేదు: కడుబు, నీరు దోసె, అక్కి రొట్టె, వాన రోజుల్లో చేమ ఆకులతో చేసే పత్రొడె. కారం మనకి తక్కువనిపిస్తుంది, ఒక చిన్న సీసాలో ఆవకాయ పెట్టుకెళ్ళండి.

వాల్పారై, అతిరాపల్లి

అడవిలోంచి బండి నడపడమే కావాలనుకుంటే ఇదే. కానీ హైదరాబాద్ నుంచి రోడ్డున వెళ్తే పొల్లాచ్చి చేరడానికే 950 కిలోమీటర్ల పైన, ఒక్కరే అంత దూరం వెళ్ళి అలసిపోయి 40 మలుపుల ఘాట్ ఎక్కడం నేను ఎవరికీ చెప్పను. కోయంబత్తూరుకి విమానంలో వెళ్ళి అక్కడ సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకోండి. తీసుకునేటప్పుడు నాలుగు టైర్లూ, స్టెప్నీ, వైపర్లూ మీరే చూసుకోండి, కారు చుట్టూ వీడియో తీసుకోండి, కేరళలోకి వెళ్తున్నానని ముందే చెప్పి పర్మిట్ కాగితం ఉందో లేదో అడగండి.

పొల్లాచ్చి నుంచి ఆళియార్ మీదుగా వాల్పారై 64 కిలోమీటర్లు. వాల్పారైకి ఈ-పాస్ అడుగుతున్నారు, ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. పైన అంతా తేయాకు తోటలు, మధ్య మధ్యలో మిగిలిపోయిన వర్షారణ్యం ముక్కలు, ఆ ముక్కల్లో సింహపు తోక కోతులు. ఊరి దగ్గర పుదుతోట్టం వైపు రోడ్డు పక్కనే కనబడతాయి. తిండి పెట్టకండి, అలవాటైతే రోడ్డు మీదికి వచ్చి బండ్ల కింద పడతాయి.

అసలు దారి ఆ తర్వాత ఉంది. మలక్కపార చెక్‌పోస్టు నుంచి వాళచాల్ చెక్‌పోస్టు దాకా దాదాపు 50 కిలోమీటర్లు అడవి తప్ప ఏమీ లేదు. బండి నంబరు, టైము రాసుకుంటారు, అవతల చేరాల్సిన టైముంటుంది, సాయంత్రం కాకముందే మూసేస్తారు. ప్లాస్టిక్, మందు సీసాలు ఉంటే అక్కడే ఆపేస్తారు. నేను వెళ్ళిన రోజు మధ్యలో ఏనుగు నిలబడి ఉంది, పిల్ల పక్కన. ముందు కారు ఆగింది, నేను దానికి ముప్పై అడుగుల వెనక ఆగాను, ఇంజన్ ఆపలేదు, హారన్ కొట్టలేదు, లైట్లు ఆర్పేశాను. నలభై నిమిషాలు. అది వెదురు విరుచుకుంటున్న చప్పుడు మూసిన అద్దాల్లోంచి వినబడుతూనే ఉంది. అలాంటప్పుడు ముందు బండిని దాటి పోవాలనిపిస్తుంది, పోకండి. వెనక్కి తిప్పుకునేంత జాగా ఉందా లేదా అని మాత్రం చూసుకుంటూ కూర్చోండి.

దిగాక అతిరాపల్లి, చాలకుడి నది మీద సుమారు 80 అడుగుల జలపాతం, మన సినిమాల్లో ఎన్నోసార్లు చూసిందే. శనివారం జనంలో నలిగిపోతారు, మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి. అక్కడి నుంచి త్రిస్సూరు, పాలక్కాడ్ మీదుగా కోయంబత్తూరు తిరిగి వస్తే చుట్టు పూర్తవుతుంది. రోజులుంటే పాలక్కాడ్ జిల్లాలోనే సైలెంట్ వ్యాలీ ఉంది. కుంతి నది మీద కట్టబోయిన డ్యామ్‌ని జనం పోరాడి ఆపించారు, 1984లో జాతీయ పార్కు అయింది. అక్కడ సొంత కారు వదలరు, ముక్కాలి నుంచి అటవీ శాఖ జీపులోనే వెళ్ళాలి. ఒక్కరే నాలుగు రోజులు నడిపాక ఆ ఒక్క పూట వేరేవాళ్ళు నడుపుతుంటే కిటికీలోంచి చూడటం హాయిగా ఉంటుంది.

ఎవరికి ఏది

మూడు రోజులే సెలవు, ఇంట్లో అమ్మానాన్నలకి ఒక్కరే వెళ్తున్నారని టెన్షన్: మారేడుమిల్లి. చేతిలో ఆరు రోజులు, సొంత కారు, రోజుకి ఏడు గంటలు నడిపే ఓపిక: ఆగుంబె. ఘాట్ డ్రైవింగ్ బాగా అలవాటు, రోజులు తక్కువ, ఖర్చు కాస్త ఎక్కువైనా సరే: వాల్పారై. కొత్తగా లైసెన్సు వచ్చి ఆరు నెలలు కూడా కానివాళ్ళు వాల్పారై, చింతూరు ఘాట్ రెండూ ఇప్పుడు వద్దు. రాజమండ్రి వైపు నుంచి మారేడుమిల్లి వెళ్ళి అదే దారిన వెనక్కి రండి. నడుం నొప్పి, మోకాలి నొప్పి ఉన్నవాళ్ళు దూరం కంటే ఘాట్ గంటలు లెక్కపెట్టుకోండి. క్లచ్ మీద కాలు గంటసేపు ఆడితే 300 కిలోమీటర్ల హైవే కంటే ఎక్కువ నొప్పి పుడుతుంది.

బైక్ మీద వెళ్ళేవాళ్ళు జులై, ఆగస్టు నెలలు పూర్తిగా వదిలేయండి. మలక్కపార, వాళచాల్ మధ్య బైకులకి అనుమతి ఎప్పుడుంటుందో ముందే కనుక్కోండి, అప్పుడప్పుడూ ఆపేస్తుంటారు.

ఖర్చు విషయంలో చిన్నవి రెండు. పెట్రోలు ధర ఏపీలో మనకంటే ఎక్కువ, కర్ణాటకలో తక్కువ, కాబట్టి ఆగుంబె, దాండేలి వెళ్ళేటప్పుడు హైదరాబాద్‌లో ట్యాంకు నింపుకుని సరిహద్దు దాటాకే మళ్ళీ నింపండి. అడవి మొదలయ్యే ముందు ఊళ్ళో, అంటే భద్రాచలం, తీర్థహళ్ళి, పొల్లాచ్చిలో, సగం ఉన్నా సరే ఫుల్ చేయించండి. 2025 ఆగస్టు 15న వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాస్ 200 టోళ్ళ దాకా పనిచేస్తుంది, కానీ జాతీయ రహదారుల మీదే. కర్ణాటక రాష్ట్ర రోడ్ల టోళ్ళకి ఫాస్టాగ్‌లో విడిగా డబ్బు ఉంచుకోవాలి.

ఇంట్లో ఒకరికి రోజుకి రెండు టైములు చెప్పి పెట్టండి, మధ్యాహ్నం ఒంటిగంట, సాయంత్రం అయిదు. ఆ టైముకి మీ నుంచి ఏ కబురూ రాకపోతే రెండు గంటలు ఆగి గదివాళ్ళకి ఫోన్ చేయమనండి. ఆ నంబరు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించి రండి, మీ ఫోన్‌లో ఉంటే వాళ్ళకేం ఉపయోగం.

ఈ అక్టోబరులో నేను మళ్ళీ ఆగుంబెకే వెళ్తున్నాను, ఈసారి కర్నూలు మీదుగా, నీళ్ళకి ఎదురు వెళ్తూ. బీచుపల్లి దగ్గర కృష్ణ, కర్నూలు దగ్గర తుంగభద్ర, హోసపేటలో డ్యామ్, రెండో రోజు హొన్నాళి మీదుగా మళ్ళీ నది పక్కనే, శివమొగ్గకి ఓ పదిహేను కిలోమీటర్ల ముందు కూడ్లి. తుంగ, భద్ర కలిసేది అక్కడే, ఆ పైన తుంగ ఒక్కటే మనతో పాటు తీర్థహళ్ళి దాకా వస్తుంది. మీరు ఈ దారి పట్టుకుంటే కూడ్లికి అరగంట ఉంచుకోండి. మెట్లు నీళ్ళలోకే దిగుతాయి, వానలు అప్పుడే ఆగి ఉంటే నాచు పట్టి జారతాయి, చెప్పులు పైనే వదిలి చివరి మూడు మెట్లూ దిగకుండా కూర్చోండి.